పప్పు నుంచి 'మాంసం': సర్కారు సాయంలో రైతు వాటా ఎంత?

మీల్‌మేకర్ తెలియని ఊరు ఇప్పుడు లేదు. కిరాణా కొట్లో పొట్లం కట్టి అమ్ముతారు. పెళ్ళిళ్ళలో మసాలా పెట్టి కూర చేస్తారు. వేడినీళ్ళలో వేస్తే ఉబ్బి, నమిలితే మాంసంలా పీచుపీచుగా ఉండే ఈ ఉండలు సోయాచిక్కుడు నుంచి నూనె తీసిన తర్వాత మిగిలిన పిండితో తయారవుతాయి. ఆ పిండి చాలావరకు కోళ్ళకూ పశువులకూ దాణాగా పోయేది, ఇప్పటికీ పోతోంది. దాన్నే శుభ్రంగా తీసి, యంత్రంలో వేడిచేసి, ఒత్తిడితో సన్నటి రంధ్రం గుండా బయటికి తోస్తే మనిషి తిండి అయింది. అందులో నూటికి యాభై పాళ్ళు మాంసకృత్తులే.

ఇంత పాత సరుకు గురించి ఇప్పుడు చెప్పడమెందుకంటే, ఇదే దారిలో పప్పుల నుంచీ నూనెగింజల నుంచీ మాంసకృత్తులను వేరుచేసి మాంసం, పాలు, గుడ్డు వంటి పదార్థాలు చేయడానికి దేశదేశాల ప్రభుత్వాలు కోట్లు ఖర్చుపెడుతున్నాయి. వీటికి ప్రత్యామ్నాయ మాంసకృత్తులని పేరు. మన కేంద్ర ప్రభుత్వ కాగితాల్లో 'స్మార్ట్ ప్రోటీన్' అని రాస్తారు. 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం 'బయో ఇ3' అనే విధానాన్ని ఆమోదించింది. అందులో ముఖ్యమని ఎంచిన ఆరు రంగాల్లో ఇదొకటి.

కందో, శనగో, పెసరో, వేరుశెనగో పండించే రెండెకరాల రైతుకు దీంతో పనేమిటి అంటారా? ఉంది. పైసలు పోయేది ప్రయోగశాలకూ ఫ్యాక్టరీకే అయినా, చివరికి ఆ ఫ్యాక్టరీలో పోసేది ఏదో ఒక రైతు గింజే. ఆ రైతు మీరా, కెనడా రైతా అన్నదే ప్రశ్న.

మూడు దారులు

మన భాషలో ప్రొటీన్లకు 'మాంసకృత్తులు' అని పేరు పెట్టారు గానీ, పేదవాడి పళ్ళెంలోకి అవి ఎక్కువగా వచ్చేది పప్పుగింజ నుంచే. ఆ గింజలోని మాంసకృత్తులను పిండి నుంచి, పీచు నుంచి వేరుచేయడం మొదటి దారి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. రెండూ మీకు తెలిసిన పనులే.

ఒకటి తూర్పారబట్టడం. కళ్ళంలో గాలికి పొల్లు ఎగిరి గింజ కిందపడినట్లే, పొట్టు తీసిన పప్పును బాగా మెత్తగా మరపట్టి యంత్రంలో గాలికి వదిలితే తేలికైన మాంసకృత్తుల పొడి ఒకవైపు పోతుంది, బరువైన పిండి రేణువులు మరోవైపు పడతాయి. నీటి అవసరం లేదు. బఠానీ వంటి పప్పుల నుంచి ఇలా తీసిన పొడిలో సుమారు యాభై శాతం దాకా మాంసకృత్తులుంటాయి. రెండోది పాలు విరగ్గొట్టడం లాంటిది. పప్పుపిండిని కొంచెం క్షారం కలిపిన నీళ్ళలో కలిపితే మాంసకృత్తులు నీటిలో కరుగుతాయి. పిండిని, పీచును వేరుచేసి, మిగిలిన నీళ్ళకు పులుపు తగిలిస్తే నిమ్మరసం పడ్డ పాలలాగా విరిగి తరకలు కడుతుంది. దాన్ని ఆరబెడితే ఎనభై శాతం పైబడి మాంసకృత్తులున్న పొడి వస్తుంది. ఖర్చు ఎక్కువ, నీళ్ళూ ఎక్కువే. అమెరికాలో 'జస్ట్ ఎగ్' పేరుతో సీసాలో అమ్మే గుడ్డులేని గుడ్డుసొనకు మూలసరుకు మన పెసరలే.

రెండో దారి పులియబెట్టడం. ఇడ్లీపిండి పులిసినట్లే, పెద్ద పెద్ద తొట్లలో ఈస్టు, బూజు జాతి సూక్ష్మజీవులను చక్కెర పెట్టి పెంచి వాటి నుంచి మాంసకృత్తులు తీస్తారు. ఇంగ్లండులో 'క్వార్న్' పేరుతో 1985 నుంచి అమ్ముతున్నది ఇలాంటిదే. దీనికి కావలసిన చక్కెర మొలాసిస్ నుంచో, మొక్కజొన్న పిండి నుంచో, నూకల నుంచో రావాలి.

మూడోది కణాల నుంచి మాంసాన్ని పెంచడం. కోడినో మేకనో కోయకుండా దాని కణాలు కొన్ని తీసి ద్రవంలో పెంచుతారు. మన హైదరాబాదులోనే దీనిపై పని జరిగింది. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సుమారు నాలుగున్నర కోట్ల రూపాయలిచ్చి సీసీఎంబీకి, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి కలిపి ఈ పరిశోధన అప్పగించింది. 2024 జనవరిలో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చేపమాంసాన్ని ఇలా పెంచడానికి ఒక ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. సింగపూరు 2020లోనే ఇటువంటి కోడిమాంసం అమ్మకానికి అనుమతిస్తే, ఇటలీ 2023లో చట్టం చేసి నిషేధించింది.

గొర్రెలు, మేకలు పెంచేవాళ్ళు ఇది చదివి గాబరా పడనక్కరలేదు. కణాలకు పోసే ద్రవం ఖర్చే ఇంకా భారీగా ఉంది. పండక్కి పొట్టేలు కోసే ఊళ్ళో దాని బేరం ఇప్పట్లో దెబ్బతినదు. ఈ వ్యాసం మొదటి దారి గురించే, ఎందుకంటే చేనుకూ ఫ్యాక్టరీకీ నేరుగా సంబంధం ఉన్నది దానికే.

వేరుశెనగతో ఒకసారి చేసి చూశాం

ప్రభుత్వం ఇటువంటి పని పెట్టుకోవడం మన దేశంలో ఇది మొదటిసారి కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అంటే సీఎఫ్‌టీఆర్‌ఐ, 1950లో ఏర్పడింది. పిల్లలకు మాంసకృత్తులు చాలడం లేదని ఆ రోజుల్లోనే గుర్తించి, అక్కడి శాస్త్రజ్ఞులు నూనె తీసిన వేరుశెనగ పిండి మూడు పాళ్ళు, శనగపిండి ఒక పాలు కలిపి, విటమిన్లు, సున్నం చేర్చి ఒక పొడి తయారుచేశారు. దానికి 'మల్టీపర్పస్ ఫుడ్' అని పేరు. నూటికి నలభై పాళ్ళకు పైగా మాంసకృత్తులు. తర్వాత వేరుశెనగ మాంసకృత్తులను పాలలో కలిపి 'మిల్టోన్' అనే పానీయం చేశారు. పాలు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్న కాలంలో దాన్ని బెంగుళూరులో తయారుచేసి పంచారు కూడా.

మరి అంత మంచి సరుకు వీధి వీధికీ ఎందుకు రాలేదు? కారణాలు చాలా ఉన్నాయి. పాల ఉత్పత్తి పెరగడం ఒకటి, రుచి ఒకటి. అన్నిటికన్నా రైతుకు పనికొచ్చే కారణం మాత్రం బూజు. 1960లో ఇంగ్లండులో లక్షదాకా టర్కీకోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏమిటా అని చూస్తే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ పిండి దాణాలో ఆస్పర్జిల్లస్ అనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారైంది. కాలేయాన్ని తినేసే విషం ఇది. వండినా, కాల్చినా పూర్తిగా పోదు. ఆ దెబ్బతో ప్రపంచమంతా వేరుశెనగ పిండిని అనుమానంగా చూడటం మొదలుపెట్టింది. ఆ చోటుకు సోయా వచ్చి కూర్చుంది.

రాయలసీమ రైతుకు ఇది చిన్న నష్టం కాదు. లక్షల ఎకరాల్లో పండే పంట, నూనె తీశాక మిగిలే చెక్కలో నలభై అయిదు శాతం దాకా మాంసకృత్తులు. అది మనిషి తిండి ధరకు పోవలసింది పోయి దాణా ధరకు పోతోంది.

ఒక కిలో మాంసకృత్తులకు ఎంత పడుతుంది?

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. ఫ్యాక్టరీవాడు చూసేది క్వింటాలు ధర కాదు, అందులో మాంసకృత్తులు ఎన్ని కిలోలున్నాయన్నది. 2025-26 ఖరీఫ్ మద్దతు ధరలు తీసుకోండి. కంది క్వింటాలు 8,000 రూపాయలు. అందులో మాంసకృత్తులు సుమారు 22 కిలోలు. కిలో 364 రూపాయలు పడుతుంది. పెసర 8,768 రూపాయలు, మాంసకృత్తులు 24 కిలోలు. ఇదీ 365 రూపాయలే. శనగకు 2026-27 రబీ మార్కెటింగ్ సీజనుకు ప్రకటించిన ధర 5,875, మాంసకృత్తులు 20 కిలోలు. కిలోకు 294. ఇక సోయా క్వింటాలు 5,328, మాంసకృత్తులు 40 కిలోలు. కిలోకు 133 రూపాయలు. పైగా 18 కిలోల నూనె వేరే అమ్ముకోవచ్చు.

యార్డులో మీకు దక్కే ధర మద్దతు ధరకన్నా తక్కువే ఉండవచ్చు. ఆ తగ్గిన ధరలు వేసుకున్నా లెక్క పెద్దగా మారదు. మొత్తం పప్పును మద్దతు ధరకు కొని మాంసకృత్తులు తీయడం ఏ ఫ్యాక్టరీకీ గిట్టదు. తీశాక డెబ్బై కిలోలకు పైగా పిండీ పీచూ మిగులుతాయి, వాటిని అమ్ముకునే దారి కూడా ఉండాలి. కాబట్టి 'స్మార్ట్ ప్రోటీన్ వస్తోంది, కంది ధర ఎగిరిపోతుంది' అని ఎవరైనా చెబితే నమ్మి ఎకరాలు పెంచకండి.

అయితే గిట్టేది ఏది? మిగులు. పప్పు మిల్లులో క్వింటాలు కంది ఆడిస్తే పప్పు డెబ్బై, డెబ్బై అయిదు కిలోలు దిగుతుంది. మిగతాది పొట్టు, నూక, చుని. నూకలోనూ చునిలోనూ పప్పు ముక్కలు, గింజ మొన, మాంసకృత్తులు పుష్కలంగా ఉంటాయి. అదంతా పశువుల దాణా ధరకు పోతుంది. నూనెమిల్లులో చెక్క సంగతి ఇంతకుముందే చెప్పుకున్నాం. పప్పుకు, నూనెకు ధర ముందే వచ్చేసింది గనుక వీటిలోని మాంసకృత్తులు కారుచౌక. నాణ్యత ఉంటే ఫ్యాక్టరీవాడు వెతుక్కుంటూ వచ్చేది వీటికోసమే.

కానీ కాయలు, గింజలు బస్తాల్లో పోసి కమిషన్ ఏజెంటుకు తోలిన రోజే ఈ మిగులు మీ చేయి దాటిపోయింది. రేపు నూకకు, చెక్కకు రేటొస్తే ఆ రేటు మిల్లు యజమానికి వస్తుంది. మా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో సన్నకారు రైతు చూసుకోవలసిన కీలకం ఇదొక్కటే.

సొమ్ము ఎటు పోతోంది

బయో ఇ3 విధానాన్ని నడిపేది కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, దాని కిందనున్న బైరాక్ అనే సంస్థ. కొత్త కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు ప్రతిపాదనలు పంపితే పరిశీలించి గ్రాంట్లు ఇస్తారు. పెద్ద యంత్రాలు అందరూ వాడుకునేలా కేంద్రాలు పెడతామన్నారు. 2024 సెప్టెంబరులో 'బయో రైడ్' అనే పథకానికి 9,197 కోట్ల రూపాయలు ఆమోదించారు. అది 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్ళకు, బయోటెక్నాలజీ రంగం మొత్తానికి ఇచ్చిన లెక్క. మాంసకృత్తులకు పోయేది అందులో ఒక పాయ మాత్రమే. ఈ గ్రాంట్లకు రైతు దరఖాస్తు పెట్టుకునే పద్ధతి లేదు, పెట్టుకోవలసిన అవసరమూ లేదు. ఆ పని వేరు.

రైతు చూడవలసిన సొమ్ము వేరే పద్దుల్లో ఉంది. 2025 అక్టోబరు 1న కేంద్ర మంత్రివర్గం పప్పుధాన్యాల్లో స్వయం సమృద్ధి మిషన్‌ను 11,440 కోట్లతో ఆమోదించింది. 2025-26 నుంచి 2030-31 వరకు ఆరేళ్ళు నడుస్తుంది. పేరు నమోదు చేసుకున్న రైతుల దగ్గర కంది, మినుము, మసూరు పంటలను నాలుగేళ్ళపాటు నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ ద్వారా పూర్తిగా మద్దతు ధరకు కొంటామని అందులో చెప్పారు. శనగ, పెసరకు ఈ మిషన్ హామీ వర్తించదు, గమనించండి. ఇక మన లెక్కకు ముఖ్యమైనది, పంట ప్రాంతాల్లో 1,000 ప్రాసెసింగ్ యూనిట్లు పెడతామనీ, ఒక్కోదానికి 25 లక్షల దాకా సబ్సిడీ ఇస్తామనీ అన్నారు. పప్పుమిల్లు మీ రైతుసంఘం చేతిలో ఉంటే నూకా చునీ కూడా మీవే.

చిన్న యూనిట్లకు 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ పథకంలో యంత్రాల ఖర్చుకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ పెట్టారు. డ్వాక్రా సంఘ సభ్యులకు తలా 40 వేల రూపాయల మూలధనం కూడా ఉంది. గడువు 2025-26 దాకా పొడిగించారు గనుక, మీరు వెళ్ళేనాటికి దరఖాస్తులు తీసుకొంటున్నారో లేదో జిల్లా కార్యాలయంలో ముందు అడిగి, ఆ తర్వాతే కొటేషన్ల కోసం తిరగండి. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద గోదాములు, శుభ్రపరిచే యంత్రాలు వంటివాటికి రెండు కోట్ల దాకా అప్పుపై ఏడాదికి 3 శాతం వడ్డీ రాయితీ ఏడేళ్ళ వరకు ఇచ్చే ఏర్పాటుంది. ఇవేవీ 'స్మార్ట్ ప్రోటీన్' పేరుతో లేవు. ఆ పేరు కోసం వెతికితే మీకు ఏమీ దొరకదు.

కెనడా కథ

సాయం చేసినంత మాత్రాన అన్నీ సక్రమంగా జరుగుతాయా? దీనికి కెనడా మంచి ఉదాహరణ. పసుపు బఠానీ, మసూరు మన దేశానికి ఎక్కువగా అమ్మే దేశాల్లో అదొకటి. గింజ గింజగానే అమ్మితే లాభం బయటివాళ్ళకు పోతోందని, అక్కడి ప్రభుత్వం 2018లో దేశంలో ఐదు పరిశ్రమ సమూహాలను ఎంపికచేసి, వాటిలో ఒకదాన్ని పూర్తిగా మొక్కల మాంసకృత్తులకు కేటాయించింది. 'ప్రోటీన్ ఇండస్ట్రీస్ కెనడా' అని పేరు. ప్రభుత్వం ఒక డాలరు పెడితే కంపెనీలు కూడా తమ వాటా పెట్టాలన్నది షరతు. 2021లో రొకెట్ అనే ఫ్రెంచి కంపెనీ మానిటోబా రాష్ట్రంలో పోర్టేజ్ లా ప్రెయిరీ అనే ఊరి దగ్గర ఏడాదికి లక్షా పాతికవేల టన్నుల బఠానీ ఆడే సామర్థ్యంతో ఫ్యాక్టరీ తెరిచింది.

అదే ఏడాది దానికి దగ్గర్లోని విన్నిపెగ్‌లో మెరిట్ ఫంక్షనల్ ఫుడ్స్ అనే మరో ఫ్యాక్టరీ మొదలైంది. దానికి దాదాపు పదికోట్ల కెనడా డాలర్ల సాయాన్ని, ఎక్కువగా అప్పుల రూపంలో, ఆ దేశ ప్రధాని స్వయంగా ప్రకటించారు. 2023 మార్చిలో ఆ ఫ్యాక్టరీ అప్పులు తీర్చలేక కోర్టు నియమించిన రిసీవరు చేతికి పోయింది. అనుకున్నంత గిరాకీ లేదు, యంత్రాలు పూర్తిగా తిరగలేదు. బఠానీ మాంసకృత్తులతో కట్‌లెట్లు చేసే అమెరికా కంపెనీ బియాండ్ మీట్ సంగతీ అంతే. 2019లో వాటా 25 డాలర్లకు జనానికి అమ్మితే కొద్ది నెలల్లోనే రెండు వందలు దాటింది, 2025 అక్టోబరులో ఒక డాలరుకన్నా కిందికి దిగింది. కొత్తలో ఎగబడిన జనం రుచి, ధర చూసి వెనక్కి తగ్గారు.

డెన్మార్కు పద్ధతి కొంచెం భిన్నం. పందుల పెంపకానికి పేరుపడ్డ ఆ చిన్న దేశం 2021లో మొక్కల ఆహారానికి 67 కోట్ల 50 లక్షల క్రోనర్ల నిధి పెడుతూ, అదే ఒప్పందంలో మనుషులు తినే మాంసకృత్తుల పంటలు వేసిన రైతుకు బోనస్ ఇచ్చే ఏర్పాటు కూడా చేసింది. ఫ్యాక్టరీ వచ్చాక రైతు సంగతి చూద్దాంలే అని వాయిదా వేయలేదు. మన విధానంలో ఈ రెండో సగం ఇంకా స్పష్టంగా లేదు. రైతు సంఘాలు అడగవలసింది ఇదే.

మనకు కెనడా బఠానీతో మరో లంకె కూడా ఉంది. పసుపు బఠానీ దిగుమతిపై 2017 నవంబరులో 50 శాతం సుంకం వేశారు. 2023 డిసెంబరులో సుంకం ఎత్తేశారు. అది శనగపిండిలో కలిసిపోయే సరుకు గనుక ఆ దెబ్బ కర్నూలు, ప్రకాశం శనగరైతు మీద పడింది. 2024-25లో అన్ని పప్పులూ కలిపి 70 లక్షల టన్నులకు పైగా దేశంలోకి వచ్చాయి. 2025 నవంబరు 1 నుంచి బఠానీపై తిరిగి 30 శాతం సుంకం పెట్టారు. మన గడ్డమీద ప్రభుత్వ సాయంతో మాంసకృత్తుల ఫ్యాక్టరీ లేచినా, సుంకం లేని బఠానీ రేవులో చౌకగా దొరికితే ఫ్యాక్టరీవాడు మీ ఊరిదాకా ఎందుకొస్తాడు? సాయం తీసుకొనే ఫ్యాక్టరీ ముడిసరుకులో ఇంత భాగం స్థానిక రైతుసంఘాల దగ్గర కొనాలని షరతు ఉంటే తప్ప ఈ చిక్కు తీరదు.

మీ చేతిలో ఉన్న పని: బూజు లేని కాయ

సుంకాలు, షరతులు ఢిల్లీ సంగతి. చేనులో జరగవలసింది చేనులోనే జరగాలి. వేరుశెనగ చెక్క మనిషి తిండికి పోవాలంటే మొదటి అడ్డం అఫ్లాటాక్సినే. నేరుగా తినే వేరుశెనగలో అది కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా దేశాల నియమం. ఒక మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. బస్తాలో పిడికెడు బూజు గింజలున్నా ఆ హద్దు దాటిపోతుంది.

ఈ బూజు నేలలోనే ఉంటుంది. పంట చివరి మూడు నాలుగు వారాల్లో బెట్ట వస్తే, నేల వేడెక్కి కాయ పగిలి లోపలికి చొరబడుతుంది. వీలున్నవాళ్ళు ఆ సమయంలో ఒక్క తడి ఇచ్చినా చాలా తేడా ఉంటుంది. విత్తేముందు 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తేమ చిలకరించి వారం పదిరోజులు నీడలో ఉంచి ఎకరాకు వేసుకోవచ్చు. పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ గట్టిపడి పగుళ్ళు తగ్గుతాయి. జిప్సంలోని గంధకం గింజలో మాంసకృత్తుల నాణ్యతకూ మంచిది. వేరుకుళ్ళు, మొదలుకుళ్ళుతో చచ్చిన మొక్కల కాయలను మంచి కాయల్లో కలపకండి. రెండు మూడు కిలోలకు ఆశపడితే మొత్తం బస్తా చెడుతుంది.

పీకిన తర్వాత కట్టెలను కాయలు పైకి వచ్చేలా తిరగేసి వరుసగా ఆరబెట్టండి. కుప్ప వేయడానికి తొందరపడొద్దు. కాయ ఊపితే గింజ గలగలమనాలి. తేమ 8, 9 శాతానికి దిగాలి. తేమ కొలిచే మీటరు కృషి విజ్ఞాన కేంద్రంలో ఉంటుంది, సంఘం తరఫున ఒకటి కొనుక్కున్నా బరువు కాదు.

ఇక అందరూ చేసే తప్పు ఒకటుంది. మిషన్‌లో పప్పు పగలకుండా ఉండాలని, తూకం కూడా కలిసొస్తుందని కాయలమీద నీళ్ళు చల్లి ఆడిస్తారు. విత్తనం కోసమైనా, అమ్మకానికైనా ఇదే అలవాటు. ఆరబెట్టి సాధించినదంతా ఆ రెండు బిందెల నీళ్ళతో పోతుంది. తడిసిన గింజ బస్తాలో వెచ్చబడి, పది రోజుల్లో బూజు పచ్చగా పైకి వస్తుంది. తడపకుండా ఆడించండి. పగిలిన పప్పు నూనెకు పోతుంది, నష్టమేమీ లేదు. పరీక్ష చేయించాలంటే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో అఫ్లాటాక్సిన్ కొలిచే పద్ధతి ఎప్పుడో రూపొందించింది. కదిరి పరిశోధన స్థానం రకాల్లో మీ నేలకు ఏది సరిపోతుందో అక్కడి శాస్త్రజ్ఞులనే అడగండి.

కందికి, శనగకు ఇంత తంటా లేదు. రాయీ రప్పా లేకుండా, పుచ్చు లేకుండా, రకాలు కలవకుండా ఉంటే చాలు. ఊరంతా ఒకే రకం వేసి ఒకే గోదాములో నిల్వ చేస్తే ఇరవై టన్నుల లారీ నిండుతుంది. మీ ఒక్కరి నాలుగు బస్తాల కోసం ఏ ఫ్యాక్టరీవాడూ రాడు. రైతు ఉత్పత్తిదారుల సంఘం వల్ల అసలు లాభం ఇదే. రైజోబియం కలిపి విత్తడం కూడా మరచిపోకండి. ఎకరా విత్తనానికి 200 గ్రాముల పొట్లం చాలు.

కంపెనీ మనిషి ఊళ్ళోకి వస్తే

"అన్నా, మీ కంది మొత్తం మేమే కొంటాం, మీరు వేయండి చాలు" అని ఎవరో ఒకరు రాకపోరు. ఇటువంటి మాటలు పామాయిలుకు విన్నాం, జట్రోఫాకు విన్నాం. కొన్ని నిజమైనాయి, కొన్ని కాలేదు. అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, నిదానంగా అడగండి.

ధర దేన్నిబట్టి? యార్డు ధరమీద ఇంత అదనం అంటాడా, మాంసకృత్తుల శాతాన్నిబట్టి అంటాడా? శాతాన్నిబట్టి అంటే కొలిచేదెవరు, ఎక్కడ, మీ ఎదుటేనా? కెనడాలో గోధుమకు మాంసకృత్తుల శాతం చూసి ధర కట్టడం ఎప్పటినుంచో ఉంది. అక్కడ కొలతకు, వివాదానికి ప్రభుత్వ వ్యవస్థ ఉంది. మన దగ్గర అది లేనప్పుడు కంపెనీ యంత్రం చూపిన అంకెను మీరు నమ్మవలసి వస్తుంది. శాతం తక్కువైందని సరుకు తిప్పిపంపితే లారీ బాడుగ ఎవరిది? డబ్బు ఎన్ని రోజుల్లో? విత్తనం అతనిదే అయితే, మొలక రాకపోతే బాధ్యత ఎవరిది? కంపెనీకి సర్కారు గ్రాంటు వచ్చిందంటే, ఏ పథకంలో ఎంత వచ్చిందో కాగితం చూపించమనండి. గ్రాంటు వచ్చినంత మాత్రాన మీ బాకీకి సర్కారు హామీ ఉన్నట్లు కాదు. విన్నిపెగ్ ఫ్యాక్టరీకి వచ్చిన సొమ్మూ సర్కారుదే.

జవాబులన్నీ కాగితం మీద, తెలుగులో, మీ సంఘం పేరున రాయించుకోండి. మొదటి ఏడాది మీ పొలంలో నాలుగో వంతు మించి ఆ ఒప్పందానికి పెట్టకండి. మిగతాది మీరు ఎప్పుడూ వేసే పంటే వేసుకోండి. కంది అయితే నాఫెడ్ కొనుగోలుకు పేరు నమోదు చేయించుకోవడం మాత్రం ఆపొద్దు. కంపెనీ రాకపోయినా ఆ దారి తెరిచి ఉంటుంది. నమోదు తేదీలు, కావలసిన కాగితాలు మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి గానీ, మండల వ్యవసాయాధికారిని గానీ విత్తనాలు వేసిన నెలలోపే అడిగి తెలుసుకోండి.